బొమ్మ కింద పేరు ఎవరు రాస్తరు? – కృత్రిమ మేధ, కులాల అలంకారాలు

చీర అంచు ఫోటో తీసి కంప్యూటర్‌కు చూపిస్తే ఇది గద్వాల, ఇది నారాయణపేట, ఇది పోచంపల్లి అని చెప్పే కాలం వచ్చింది. దీన్ని కృత్రిమ మేధ అంటున్నరు, పొడి అక్షరాల్లో ఏఐ. ఇండోనేషియాలో బాటిక్ బట్టల మీద, మన దేశంలో మధుబని, వర్లి, కలంకారీ బొమ్మల మీద విశ్వవిద్యాలయాల్లో ఈ పని నడుస్తున్నది. అంతరించిపోతున్న కళల్ని కాపాడుతున్నమని ఆ పని చేసేటోళ్లు చెప్తున్నరు. 2024 మార్చిలో కేంద్ర ప్రభుత్వం ఇండియా ఏఐ మిషన్‌కు 10,300 కోట్ల పైచిలుకు రూపాయలు మంజూరు చేసింది. పైసలున్న చోట ప్రాజెక్టులు పుడ్తయి. ప్రాజెక్టు పుట్టినంక కెమెరా పట్టుకొని ఎవరో ఒకరు మన ఊర్లకు, మన వాడలకు వస్తరు. ఆ రోజు ఏమడగాలె, ఏమియ్యాలె, ఏది ఇయ్యకూడదు అనేది తేల్చుకోవాలంటే ఈ యంత్రం ఎట్ల పనిచేస్తదో మనకు తెలిసి ఉండాలె. అది ఇంజనీర్ల సంగతి, మనకెందుకు అనుకుంటే కుదరదు. పురాణం పండితుల సంగతి, చరిత్ర ప్రొఫెసర్ల సంగతి అని వదిలేసినంక ఏం జరిగిందో ఈ పత్రిక చదివేటోళ్లకు వేరే చెప్పనక్కర్లేదు.

కంప్యూటర్ దగ్గర కంటే మగ్గం దగ్గర చెప్తే ఇది తొందరగ అర్థమైతది. గద్వాల చీరకు ఒంటి భాగం నూలు. అంచు, కొంగు పట్టు. రెండు వేర్వేరు దారాలను మగ్గం మీదనే ఒకదానితో ఒకటి మెలిపెట్టి కలుపుతరు. అంచు నుంచి ఒంట్లోకి గుడి గోపురం లాగ పళ్లు పళ్లుగా పొడుచుకొచ్చే ఆకారాన్ని కుంభమని, కోటకొమ్మ అని పిలుస్తరు. అంచులో, కొంగులో వచ్చే పెద్ద బుటాలకు ముందు గళ్ల కాగితం మీద డిజైను గీస్తరు. నిండిన గడి అంటే అక్కడ దారం పైకి లేవాలె, ఖాళీ గడి అంటే లేవొద్దు. ఆ లెక్క ప్రకారం అట్టలకు బెజ్జాలు కొట్టి జకార్డు పెట్టెకు తగిలిస్తరు. ఫ్రాన్స్‌లో లియాన్ పట్టణానికి చెందిన జకార్డు 1804లో ఈ పద్ధతి తెచ్చిండు, ఆయన నేతగాని కొడుకే. ముప్పై ఏండ్ల తర్వాత ఇంగ్లండులో బాబేజి తన లెక్కల యంత్రానికి ఈ బెజ్జాల అట్టనే ఎరువు తెచ్చుకున్నడు. కంప్యూటర్ పుట్టుకలో నేతపని చెయ్యి ఉన్నది. కంప్యూటర్ పాఠంలో మాత్రం మగ్గం ఊసు ఒక్క వాక్యంలో వచ్చి పోతది.

ఫోటో కూడ గళ్ల కాగితమే. ఒక్కొక్క గడిలో సున్న నుంచి 255 దాక ఒక అంకె, రంగు ఎంతున్నదో చెప్పేది. రంగు ఫోటోలో ఎరుపుకు, పచ్చకు, నీలికి మూడు అంకెలు. యంత్రానికి చీర కనపడదు, పువ్వు కనపడదు, ఈ అంకెలే కనపడ్తయి. అది మూడు గళ్ల పొడవు, మూడు గళ్ల వెడల్పు ఉన్న చిన్న కిటికీ లాంటిదాన్ని బొమ్మ మీద ఈ కొస నుంచి ఆ కొసకు జరుపుకుంట పోతది. మొదటి వరుసలో ఎక్కడెక్కడ గీత ఉన్నదో పడ్తది. ఆ గీతలు కలిసే మూలలు, వంకర్లు రెండో వరుసలో. వరుసలు పెరిగిన కొద్దీ గోపురం పన్ను, ఆకు, నెమలి మెడ లాంటివి తేలుతయి. ఏ కిటికీ దేన్ని పట్టాలెనో ఎవరూ చెప్పరు. మనిషి వేల ఫోటోలు ఇచ్చి ప్రతి ఫోటోకు ఒక పేరు రాసిస్తడు. యంత్రం ఒక పేరు ఊహిస్తది. తప్పైతే లోపలి అంకెలను రవ్వంత అటో ఇటో సర్దుకుంటది. ఈ పని లక్షల సార్లు జరిగినంక, కొత్త ఫోటో చూపించినా పేరు చెప్పే స్థితికొస్తది. 2012లో టొరంటో విశ్వవిద్యాలయం వాళ్లు చేసిన అలెక్స్‌నెట్ ఇట్లనే 12 లక్షల ఫోటోలతో, 1000 పేర్లతో నేర్చుకొని ప్రపంచాన్ని ఆశ్చర్యపరిచింది.

ఇందులో మనకు పనికొచ్చే ముక్క ఒక్కటే. యంత్రానికి తెలివి ఎక్కడి నుంచో రాలేదు, బొమ్మ కింద మనిషి రాసిన పేరు నుంచి వచ్చింది. పేరు రాసినోడి తెలివే దాని తెలివి, వాడి గుడ్డితనమే దాని గుడ్డితనం.

పేర్లు రాసింది ఎవరు? అలెక్స్‌నెట్ వాడిన ఫోటోల భాండారం పేరు ఇమేజ్‌నెట్, 2009లో బయటికొచ్చింది. దాంట్లో ఫోటోలకు పేర్లు తగిలించింది పండితులు కాదు. అమెజాన్ కంపెనీ నడిపే మెకానికల్ టర్క్ అనే ఆన్‌లైన్ కూలి అడ్డా మీద 160కి పైగా దేశాల నుంచి దాదాపు 49 వేల మంది ఆ పని చేసిన్రు. పొద్దున అచ్చంపేట చౌరస్తాలో నిలబడే కూలీలకు కనీసం మేస్త్రీ ముఖం కనపడ్తది, వీళ్లకు అదీ లేదు. వాళ్లు ఎంచుకోవలసిన పేర్ల పట్టిక మాత్రం పాత ఇంగ్లీషు పదకోశం నుంచి తెచ్చి పెట్టిండ్రు. దాంతో మనుషుల ఫోటోల కింద తిట్లు, జాతిని అవమానపరిచే మాటలు వచ్చి చేరినయి. 2019లో కేట్ క్రాఫర్డ్, ట్రెవర్ పాగ్లెన్ అనే ఇద్దరు దీన్ని బయటపెడితే, ఆరు లక్షల ఫోటోలు తీసేస్తమని ఇమేజ్‌నెట్ వాళ్లు ప్రకటించవలసి వచ్చింది. అంతకు ఏడాది ముందు, 2018లో, జాయ్ బువొలమ్వినీ అనే నల్లజాతి పరిశోధకురాలు ముఖం చూసి ఆడా మగా చెప్పే యంత్రాలను పరీక్షించింది. తెల్ల మగవాళ్ల విషయంలో తప్పు నూటికి ఒక్కటి కూడ లేదు. నల్ల ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి ఒక యంత్రం తప్పు నూటికి 34 దాటింది. ఆ యంత్రం నల్లవాళ్లను ద్వేషించింది అనుకోవద్దు. దానికి వాళ్ల ముఖాలు చాలినన్ని చూపించలేదు. కులం కూడ ఇట్లనే పనిచేస్తది. ఎవ్వడూ తిట్టడు, పట్టికలో మన గడి ఉండదు, అంతే.

అలంకారాల సంగతికి వద్దాం. జావా ద్వీపంలో యోగ్యకర్తా ప్రాంతపు నితిక్ బాటిక్‌ల మీద ఒక ఫోటోల సంపుటి చేసిన్రు. 60 రకాలు, రకానికి 16 ఫోటోలు, మొత్తం 960. ఇంత చిన్నదానితో ఎట్ల అనే అనుమానం రావచ్చు. లక్షల ఫోటోలతో ఇదివరకే గీతలు, మూలలు పట్టడం నేర్చిన యంత్రాన్ని తీసుకొని, చివరి వరుసలకు మాత్రం కొత్త పేర్లు నేర్పితే చాలు. దీన్ని బట్టి, ఈ పనికి పెద్ద కంపెనీయే కావాలనేం లేదు. పది మంది డిగ్రీ పిల్లలు, రెండు ఫోన్లు, ఒక మామూలు కంప్యూటర్‌తో మన మండలంలోనే మొదలుపెట్టవచ్చు. ఈ మాట మళ్ల చెప్తాను.

అదే జావాలో పరంగ్ అనే బాటిక్ డిజైను ఉన్నది, ఏటవాలుగా కత్తుల వరుస లాగ ఉంటది. రాజుల కాలంలో అది రాచకుటుంబం కట్టుకునేది, సామాన్యులు కట్టుకోవద్దని కట్టడి. యంత్రం ఆ బట్టను చూసి పరంగ్ అని టక్కున చెప్తది. అది ఎవరు కట్టుకోవద్దో, కట్టుకుంటే ఏమయ్యేదో దాని అంకెల్లో లేదు. మన దేశంలో ట్రావన్కోర్‌లో నాడార్ స్త్రీలు రవికె కోసం కొట్లాడితే 1859లో రాజు ఒప్పుకున్నడు, కాని పై కులాల స్త్రీలు వేసుకునే తీరుగ వేసుకోవద్దని షరతు పెట్టిండు. బట్ట వేరు, బట్ట తీరు వేరు. తీరు మీదనే కులం కాపలా. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల కింద బతికిన పాలమూరు పల్లెల్లో జరీ అంచు ఎవరి ఒంటి మీద ఉండేదో, ముతక నూలు ఎవరి ఒంటి మీద ఉండేదో ముసలోళ్లనడిగితే ఇప్పటికీ చెప్తరు. అంచు ఫోటోను కులం నుంచి విడదీసి 'సాంప్రదాయిక అలంకారం' అని పేరు పెట్టినప్పుడు ఆ కాపలా మాయమై అందం మాత్రం మిగుల్తది.

అసలు అలంకారం అనే గీటురాయి దగ్గరనే వడపోత మొదలైతది. తెలంగాణ షెడ్యూల్డ్ కులాల పట్టికలో మాల సాలె, నేతకాని అనే పేర్లున్నయి. అంటే దళితుల్లో నేత వృత్తి ఉండెనని సర్కారు కాగితమే సాక్ష్యం. వాళ్లు నేసింది ముతక బట్ట, కూలినాలి చేసేటోళ్లు కట్టుకునేది. దాని మీద హంసలు లేవు, రుద్రాక్షలు లేవు, జరీ లేదు. మ్యూజియం దాన్ని దాచలేదు, ఎంపోరియం దాన్ని అమ్మలేదు. మ్యూజియాల నుంచి, ఎంపోరియాల నుంచి ఫోటోలు తెచ్చి నేర్పిన యంత్రానికి తెలంగాణ నేత అంటే పట్టుచీరల పేర్లే వస్తయి. నేసిన చేతుల్లో సగం పట్టికలో ఉండవు.

తోలు సంగతి ఇంకా విచిత్రం. అనంతపురం వైపు నిమ్మలకుంటలో మేకతోలు మీద రామాయణం బొమ్మలు గీసి బెజ్జాలు కొడితే అది తోలుబొమ్మల కళ, దానికి భౌగోళిక గుర్తింపు ఉన్నది, ఉండవలసిందే. తంగేడు చెక్కతో లందలో తోలు ఊనిన మాదిగ, ఆరెతో పొడిచి కుట్టిన కిర్రు చెప్పు, దాని మీది కుచ్చు, పట్టీ మీది కుట్టు వరుస అలంకారంలోకి రాలేదు. అది వృత్తి. తోలు రెండు చోట్లా తోలే. ఒకదాని మీద దేవుడు నిలబడ్డడు, రెండోదాంట్లో కాలు దూరింది. డప్పు చట్రం, మోట బొక్కెన కుట్టు, ఎడ్ల మెడపట్టీల అల్లిక, వీటికి పేర్లు మాదిగ ముసలోళ్ల నోట్లో ఉన్నయి, ఏ పట్టికలోనూ లేవు. పచ్చబొట్లదీ ఇదే కథ. మా అమ్మ మోచేతి కింద తులసికోట తీరుగ చుక్కల బొమ్మ ఒకటి ఉన్నది. అది తులసికోట కాదు, గూడు అంటది అమ్మ. యూనివర్సిటీలో చదివిన జానపద పుస్తకాల లెక్కన నేను ఫోటో కింద తులసికోట అనే రాసేవాణ్ణి. యంత్రమూ అదే నేర్చుకునేది, రేపు వెయ్యి మంది అమ్మల చేతుల మీద గూడును తులసికోట అని చదివేది.

బొమ్మకు, బొమ్మ చెప్పే కథకు ఉన్న లంకె పటాల దగ్గర బాగా అర్థమైతది. చేర్యాల నకాషీలు గీసే పటాలను ఇవాళ గోడ మీద అలంకారంగా కొంటున్నరు. ఎర్రటి నేల, పెద్ద కళ్లు, గడులు గడులుగా కథ, అంచున పూలతీగ. చింతగింజల అంబలి, తెల్ల సుద్ద కలిపి పూసిన గుడ్డ మీద గీసేవాళ్లు, పొడుగు అరవై అడుగుల దాక పోయేది. ఇవి గోడకు గీసినవి కావు, కథకు గీసినవి. పద్మశాలీలకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్తరు, చాకలోళ్లకు మడేలు పురాణం, గౌండ్లోళ్లకు గౌడ పురాణం, ముదిరాజులకు కాకిపడగలోళ్లు పాండవుల కథ. మాదిగలకు దక్కలోళ్లు జాంబపురాణం. భూమి పుట్టకముందే ఆరునెల్ల ముందు పుట్టిన ఆది జాంబవుడు మా మూలపురుషుడు అని దక్కలాయన కర్ర పెట్టి పటం మీది గడిని చూపిస్తుంటే, ఊరు వెలేసిన వాడ ఆ రాత్రికి లోకానికి మొదలు అయ్యేది. అట్లని అంతా సమానమేమీ కాదు. మాదిగలు పెట్టింది తిని బతికే దక్కలోళ్లను మాదిగలే అంటుకోనిచ్చేవాళ్లు కాదు, వాళ్ల గుడారం వాడకు అవతల. ఇది మనం మనలో మాట్లాడుకోవలసిన సంగతి, పటం గురించి రాసేటప్పుడు దాటెయ్యరాదు.

యంత్రం ఈ పటాన్ని చూస్తే ఏం చెప్తది? చేర్యాల శైలి, ఎరుపు నేల, పూల అంచు. బాగా నేర్పితే ఎలుగుబంటి ముఖం ఉన్న మనిషి అని కూడ పడ్తది. రామాయణం పటాలే ఎక్కువ చూపించి ఉంటే జాంబవంతుడు, రాముని భక్తుడు అని రాస్తది. మాదిగల ఆదిపురుషుడు ఒక్క పేరుతో రాముని సేవకుడైతడు. బ్రాహ్మణీయ పురాణాలు వెయ్యేండ్లుగా చేసిన పని యంత్రం కన్నుమూసి తెరిచేంతలో చేస్తది, అదీ ఏ దురుద్దేశం లేకుండ. అందుకే పటంలోని ఒక్కొక్క గడి కింద పేరు రాయవలసింది గీసిన నకాషీ, చెప్పే దక్కలి, వినే మాదిగ ముగ్గురూ కూర్చొని. భౌగోళిక గుర్తింపు చట్టం తయారీని, ప్రాంతాన్ని చూస్తది. పటం ముందు నిలబడి కథ చెప్పేటోణ్ణి, ఆ కథ ఎవరిదో ఆ కులాన్ని చూడదు.

ఇంకో సంగతి. పటం పాతబడి చినిగితే కథకులు దాన్ని మొక్కి నీళ్లలో కలిపేవాళ్లు. పటం ప్రాణమున్నది, దాని కాలం అయిపోయింది, సాగనంపాలె. కాపాడడం అంటే దాచిపెట్టడమే అనుకునే మ్యూజియం బుద్ధికి ఇది మింగుడుపడదు. అన్నీ డిజిటల్ చేసి పెట్టాలనే ఉత్సాహంలో ఉన్నోళ్లు, సాగనంపే హక్కు కూడ ఒక హక్కని తెలుసుకోవాలె.

ఇప్పుడు లింగాలకు వద్దాం. ఒకప్పటి మహబూబ్‌నగర్, 2016 అక్టోబర్ నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఒకవైపు నల్లమల, మండలంలోనే అప్పాపూర్ లాంటి చెంచు పెంటలు. ఇంకోవైపు లంబాడా తండాలు, మాల మాదిగ వాడలు, బీసీ కులాల ఊర్లు. ఈ మండలంలోని అవుసలికుంట నుంచి వచ్చినవాడే పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య. దక్కలి కళాకారుడు. పండుగ సాయన్న లాంటి పాలమూరు వీరుల కథలు ఆ కిన్నెర మీద బతికినయి. 2021లో భీమ్లా నాయక్ సినిమా పాటతో లోకానికి తెలిసిండు, 2022లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన కూలిపని చేస్తున్న సంగతి పత్రికల్లో వచ్చింది. అవార్డుకు, కూలికి మధ్య రెండేండ్లు. కళను గుర్తించడం వేరు, కళాకారుడు బతకడం వేరనే మాటకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ లింగాలోళ్లకు అక్కర్లేదు.

కిన్నెరను అలంకారం కన్నుతో చూడండి. వెదురు దండం, కింద ఎండిన సొరకాయ బుర్రలు, మెట్లు నిలబెట్టడానికి తేనెమైనం, అద్దాలు, పూసలు, నెమలి ఈకలు, పాట నడుస్తుంటే తలూపే పిట్ట. పాత కిన్నెరలకు మెట్లుగా అలుగు పొలుసులు వాడేవాళ్లు. అద్దం, పూస, ఈక, యంత్రం వీటిని మిగతా వాయిద్యాల నుంచి చిటికెలో వేరు చేస్తది. కాని పిట్ట ఎప్పుడు తలూపుతదో ఫోటోలో లేదు. కిన్నెర మీది అలంకారం కదిలేది, మోగేది. ఫోటో ఒక్కదాంతో దాన్ని పట్టుకున్నమంటే సొరకాయను పట్టుకున్నట్టే.

ఇక్కడ ఇంకో ప్రమాదం ఉన్నది, పెద్ద పట్నాల పరిశోధకులకు తట్టదు. అలుగు 1972 వన్యప్రాణి రక్షణ చట్టంలో మొదటి షెడ్యూలు జంతువు. లింగాల అంచున ఉన్నది అమ్రాబాద్ పులుల అభయారణ్యం. తాతలనాటి కిన్నెర ఫోటో తీసి, కింద 'మెట్లు: అలుగు పొలుసు' అని రాసి, ఊరి పేరు పెట్టి అందరూ చూసేటట్టు పెడితే అది కళ రికార్డా, ఒక దక్కలి కుటుంబం మీద కేసుకు సాక్ష్యమా? ఫోన్‌తో తీసిన ఫోటోలో, సెట్టింగు తీసెయ్యకపోతే, ఏ చోట తీసిన్రో అక్షాంశ రేఖాంశాలతో సహా దాగి ఉంటది. చెంచుపెంటలో తీసిన ఫోటో ఏ వాగు పక్కన ఏముందో చెప్పేస్తది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మనిషి పేరును, ఫోన్ నంబరును చూస్తది. ఒక కులం, ఒక తెగ ఉమ్మడిగా దాచుకున్న తెలివిని అది చూడదు.

తండాల సంగతి చెప్పకపోతే లింగాల చిత్రం సగమే. కాంచళి మీద, ఫేటియా మీద అద్దాలు, గవ్వలు, కుట్టు వరుసలు ఆడవాళ్లే కుట్టుకుంటరు, కుట్టేటప్పుడు గళ్ల కాగితం లేదు, లెక్క చేతిలోనే. కర్ణాటకలో సండూరు లంబాణీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే భాష, అదే కుట్టు ఉన్న నల్లమల తండా స్త్రీ ఆ ప్రాంతపు గీతకు బయట ఉన్నది. కాలి నడకన, ఎద్దుల మీద దేశమంతా తిరిగిన జాతికి జిల్లా సరిహద్దు గీసి కళ పంచితే ఇట్లనే ఉంటది.

గుర్తుపట్టే యంత్రానికి తోబుట్టువు ఉన్నది, కొత్తవి పుట్టించే యంత్రం. 2022 నుంచి ఇది అందరి చేతిలోకి వచ్చింది. ఇంటర్నెట్ నుంచి ఎవరినీ అడగకుండ 585 కోట్ల బొమ్మలను, వాటి పక్కనున్న మాటలను జతచేసిన లయాన్ అనే జాబితా ఆ ఏడే వచ్చింది. దానిలోని బొమ్మలతో నేర్చిన యంత్రాన్ని గద్వాల కుంభం లాంటి అంచు గియ్యమంటే నిమిషంలో నలభై గీస్తది. వాటిని మరమగ్గం మీదికో, అచ్చు బట్ట మీదికో ఎక్కిస్తే నేతగాని ఇంట్లో నెలల పని విలువ పోతది. చేనేతకు కొన్ని రకాలు కేటాయించిన చట్టం 1985లోనే ఉన్నది. అది మరమగ్గాన్ని కొంతవరకు ఆపుతది, బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో అడగదు. కాపీరైటు ఒక మనిషిది, అతను పోయినంక 60 ఏండ్ల దాక. డిజైన్ల చట్టం కొత్త డిజైనుకు, ఎక్కువలెక్క 15 ఏండ్లు. తరతరాల బొమ్మకు కర్త ఒక్కడు కాడు, అది కొత్తదీ కాదు. ఇగ 1999 భౌగోళిక గుర్తింపు చట్టం పేరును కాపాడుతది. గద్వాల అని పేరు పెట్టకుండ గద్వాల తీరు అంచు అమ్మితే ఆ చట్టం చెయ్యి అంతగా అందదు.

కొల్హాపురి చెప్పుల గొడవలో ఇదంతా బయటపడ్డది. 2025 జూన్‌లో ఇటలీలో మిలాన్ నగరంలో ప్రాడా కంపెనీ ఫ్యాషన్ ప్రదర్శనలో అచ్చం కొల్హాపురి లాంటి చెప్పులు చూపించింది, పేరు మాత్రం తోలు చెప్పులని. ఆ చెప్పులకు 2019 నుంచి భౌగోళిక గుర్తింపు ఉన్నది. దాని హక్కుదార్లు మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు పరిశ్రమల సంస్థలు, కుట్టేది చర్మకార దళితులు. జనం ఫోటోలు చూసి గుర్తుపట్టి గొడవ చేసినంకనే, స్ఫూర్తి అక్కడిదేనని కంపెనీ ఒప్పుకున్నది. బొంబాయి హైకోర్టులో వేరేవాళ్లు వేసిన పిటిషన్ నిలవలేదు, హక్కుదార్లే రావాలని కోర్టు చెప్పింది. అదే ఏడు డిసెంబర్‌లో ఆ రెండు సంస్థలతో కంపెనీ ఒప్పందం చేసుకున్నది, రెండువేల జతలు అక్కడే చేయించడానికి. దీన్ని గెలుపనొచ్చు, సగం గెలుపనొచ్చు. నాకు ముఖ్యమనిపించింది వేరు. పేరు, హక్కుదారు, ఊర్లు కాగితం మీద ఉన్నందుకే బేరం కుదిరింది. మన కిర్రు చెప్పు రేపు ఏ మిలాన్‌లోనో కనిపిస్తే చూపించడానికి మన దగ్గర ఏ కాగితం ఉన్నది?

గుర్తుపట్టే యంత్రం మనకు పనికొచ్చేది ఇక్కడే. ప్రతి బొమ్మను అది ఒక అంకెల వరుసగా, వేలిముద్ర లాగ మార్చి పెట్టుకుంటది. రెండు బొమ్మల అంకెలు దగ్గరుంటే ఇది దాని నకలు కావచ్చని చూపిస్తది. లక్షల సరుకుల్లో మన కుట్టును, మన అంచును వెతికే కాపలాదారుగా వాడుకోవచ్చు. ఏఐ వద్దే వద్దు అనేవాళ్లతో నేను కలవను. ముద్రణ యంత్రం వచ్చినప్పుడు వద్దన్నోళ్ల పురాణాలు అచ్చు కాలేదు, వద్దననోళ్లవే అయినయి.

అయితే ఎవరి చేతిలో అనేదే తగాదా. న్యూజిలాండులో మావోరీల తె హికు మీడియా తమ భాష రికార్డులను పెద్ద కంపెనీలకు ఇయ్యకుండ, తామే యంత్రానికి నేర్పుకున్నరు, వాడుకోవాలంటే తమ జాతికి మేలు జరగాలనే లైసెన్సు పెట్టిన్రు. 2019లో ఆదివాసీ జాతుల డేటా గురించి ఒక అంతర్జాతీయ బృందం కేర్ సూత్రాలని పెట్టింది: ఉమ్మడి లాభం, నియంత్రించే అధికారం, బాధ్యత, నీతి. లోకల్ కాంటెక్స్ట్స్ అనే సంస్థ లేబుళ్లు తయారుచేసింది. ఇది అమ్మకానికి కాదు, ఇది ఆడవాళ్లకు సంబంధించింది, ఇది ఫలానా కాలంలోనే చూడాలె అని ఆ జాతివాళ్లే బొమ్మకు తగిలించవచ్చు. మన దళిత బహుజన సంఘాలు వీటిని తెచ్చుకొని మన మాటల్లో రాసుకోవాలె. జాతి అన్నచోట కులం అని రాసుకోవలసి వస్తది. అప్పుడు మావోరీలకు లేని చిక్కు మనకొస్తది. దక్కలి పటం మీద అధికారం దక్కలోళ్లదా, మాదిగలదా? నా మటుకు నాకు, మొదటి మాట దక్కలోళ్లది.

లింగాలలో పని మొదలుపెట్టే పిల్లలకు కొన్ని పనిముట్ల మాటలు. ఒక్కొక్క వస్తువుకు పదహారు ఫోటోలు చాలు, కాని వేర్వేరు వెలుగులో, ముడత పెట్టి ఒకటి, ఒంటి మీద ఒకటి, పక్కన కొలబద్ద పెట్టి ఒకటి. ఒకే గోడ ముందు అన్నీ తియ్యొద్దు. 2016లో అమెరికా పరిశోధకులు తోడేలుకు, కుక్కకు తేడా చెప్పే ఒక యంత్రాన్ని విప్పి చూస్తే, అది జంతువును వదిలి వెనకాల మంచును చూసి తోడేలు అంటున్నది. మన యంత్రం కూడ గోడను చూసి కిన్నెర అంటది. లొకేషన్ బంద్ పెట్టాలె. పేరు రాసే గడిలో ముందు ఆ మనిషి పలికిన మాట, పలికినట్టే, గొంతు రికార్డుతో సహా. పుస్తకం పేరు దాని కింద. చేసిందెవరు, వాడేదెవరు, వాడనియ్యకపోయేది ఎవరిని, ఈ మూడూ వేర్వేరు గడులు. బయటికి చూపించొచ్చా లేదా అనే గడి ఆ ఇంటివాళ్లే నింపాలె, తర్వాత మనసు మార్చుకుంటే తీసేసేటట్టు ఉండాలె. గంటకు ఇంతని కూలి కట్టియ్యాలె, చెప్పేటోళ్ల పొద్దు ఊరికే పోవద్దు.

చైత్ర పున్నమికి సలేశ్వరం జాతరలో కెమెరా పెట్టుకొని కూసుంటే వేల ఫోటోలొస్తయి, పేర్లు రావు. పేర్లు తెలిసినోళ్లు సగం మంది బొంబాయిలో, పుణెలో, హైదరాబాదులో మట్టి మోస్తున్నరు. దసరకో, పీర్ల పండుగకో ఊర్లెకొస్తరు. ఆ నాలుగు రోజులు ఇండ్లకు పోండి.